గేటు మీద తువ్వాలు

మా చెల్లి కూతురు హారిక పోయిన నెల తగరపువలస నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. రెండు సూట్‌కేసులు, సొంత దిండు, ఒక టేబుల్ లైటు, తలుపంత తెల్లబోర్డు ఒకటి దాని వెంట వచ్చాయి. ఎమ్మెస్సీ ఎంట్రన్సుకి ప్రిపేరవ్వడానికట. వాళ్లింట్లో గోలగా ఉంటుందనీ, నేను పెళ్లి జోలికి పోకుండా సీతమ్మధారలో ఒక్కదాన్నే ఉంటున్నాను కాబట్టి ఇక్కడ ప్రశాంతంగా ఉంటుందనీ మా చెల్లి తేల్చేసింది. నా ఫ్లాటు సముద్రం కనబడుతుందని చెప్పి అమ్మిన ఫ్లాటు. కొన్నాళ్లు కనబడింది కూడా. ఇప్పుడు అదే బిల్డరు ఎదురుగా కట్టిన ఫ్లాట్లలో ఎవరి వాషింగ్ మిషను ఎప్పుడు తిరుగుతుందో కనబడుతుంది. ప్రశాంతత మాత్రం నిజమే, నేను నోరు విప్పనంతవరకు.

వచ్చిన రోజే తెల్లబోర్డు గోడకి కొట్టించింది. మర్నాడు దాని మీద ఆరు రంగుల్లో టైంటేబులు వేసింది. ఆ తర్వాత రోజు పసుపురంగు సరిగ్గా కనబడటం లేదని చెరిపి మళ్లీ వేసింది. పుస్తకాలన్నిటికీ అట్టలేసింది. పెన్నులు కొంది, పెన్నులు పెట్టుకునే డబ్బా కొంది. మిగిలిన టైమంతా సెల్లులో వీడియోలు. ర్యాంకు తెచ్చుకున్నవాళ్లు తాము ఎలా మొదలుపెట్టారో చెప్పే వీడియోలు అవి. అందులో ఒకడు వీడియోలు చూస్తూ కూర్చుంటే పరీక్ష పోతుందని చెబితే, దాన్ని రెండుసార్లు చూసింది.

"ఎప్పుడు మొదలెడతావే?" అని అడిగాను.

"మొదలెట్టీసేను కదా పెద్దమ్మా. ఇది ఫేజ్ జీరో" అంది.

ముప్పై ఏళ్లుగా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని. మొదలుపెట్టకపోవడానికి పిల్లలు చెప్పే కారణాలు పీరియాడిక్ టేబుల్ కంటే నాకు బాగా కంఠతా వచ్చు. అందులోనూ ఈ జీరో నాకు మరీ పాత చుట్టం. ఈ కాలం పిల్లలు దీన్ని తామే కనిపెట్టామనుకుంటున్నారు. దీన్ని కనిపెట్టినవాడు మా నాన్న, కూర్మన్నపాలెం క్వార్టర్సులో, ఒక బెల్లంముక్క చప్పరిస్తూ.

మా నాన్న పద్మనాభం అనే ఊరి దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టాడు. స్టీలుప్లాంటులో ఉద్యోగమొచ్చి కూర్మన్నపాలెం చేరాడు. పని కోక్ ఓవెన్ల దగ్గర. బొగ్గుకి గాలి తగలకుండా ఇటుక గదుల్లో పెట్టి కాలుస్తారు, అది కోక్ అవుతుంది. ఆ గదులు వరసగా కట్టి ఉంటాయి, ఆ వరసని బ్యాటరీ అంటారు. మా నాన్న ప్రపంచాన్నంతా ఆ బ్యాటరీ మీంచే చూసేవాడు. పప్పు ఉడక్కపోయినా, మా చెల్లికి జ్వరమొచ్చినా, ప్రభుత్వం పడిపోయినా ఆయన దగ్గర కోక్ ఓవెన్ నుంచి ఒక ఉదాహరణ సిద్ధంగా ఉండేది. ఇంటికొచ్చేసరికి ఆయన చొక్కా నుంచి తారు, మసి, చెమట కలిసిన వాసన వచ్చేది. మా అమ్మ ఆ చొక్కాల్ని వేరే బకెట్టులో నానబెట్టేది. లోపలికి రాగానే ఆయన ముందు బెల్లంముక్క నోట్లో వేసుకునేవాడు, గొంతులో బొగ్గుపొడి దిగిపోతుందని. ఆ తర్వాత ఒక గ్లాసు చోడంబలి, అదే రాగి అంబలి, పచ్చి ఉల్లిపాయ. ఈ మూడూ అయ్యాకే మాట.

మా ఇంట్లో ఆదివారం, సోమవారం అనేవి లేవు. పొద్దుటి ఏ షిఫ్టు వారం, మధ్యాహ్నపు బి షిఫ్టు వారం, రాత్రి సి షిఫ్టు వారం ఉండేవి. చుట్టాలు రావాలన్నా, సినిమాకి వెళ్లాలన్నా, నాకు పిలక జడలు వెయ్యాలన్నా నాన్నది ఏ షిఫ్టో చూసుకునే. అన్నిటికంటే కష్టమైంది సి షిఫ్టు. రాత్రంతా పనిచేసి పొద్దున్నే వచ్చి పడుకునేవాడు. ఆయన పడుకుంటే ఇల్లంతా బతికుండగానే ఊపిరి ఆపుకోవాలి. కుక్కర్ బంద్, విజిల్ వేస్తుందని. గిన్నెలో అన్నం వండి గంజి వార్చేది మా అమ్మ. పోపు కూడా పెరట్లో కుంపటి మీద. రోటిపచ్చడి ఆ వారం మా నోటికి అందేది కాదు. మా చెల్లి రేడియో అలమరలో బట్టల కింద ఉండేది.

మా క్వార్టర్ల లైన్లో దీనికో పద్ధతి ఉండేది. సి షిఫ్టు చేసొచ్చి మనిషి పడుకున్న ఇంటి గేటుకి తడి తువ్వాలు వేలాడదీసేవారు. అది కనబడిందంటే ఎవరూ గేటు చప్పుడు చెయ్యరు, పేరుపెట్టి పిలవరు. గంగవరం నుంచి చేపల తట్ట తెచ్చే ఆవిడ కూడా మిగతా ఇళ్ల ముందు గొంతు చించుకుని, మా గేటు ముందు మాత్రం చేత్తో సైగ చేసి ఏ చేపో చూపించేది. మా నాన్నది ఎర్ర గళ్ల తువ్వాలు. అది గేటు మీద ఉన్నంతసేపూ లోపల ఆయన గురక నడుస్తూ ఉండేది. గురకంటే మామూలు గురక కాదు. "మీ నాన్న తొంగున్నాడంటే మా ఇంట్లో స్టీలుగిన్నెలు మాటాడతాయే" అనేవారు పక్కింటి సత్యవతిగారు. ఊరందరి చప్పుడూ ఆపించి, ఆ ఖాళీనంతా తన గురకతో నింపుకునే మనిషి అని మా అమ్మ సణుక్కునేది.

నా డిగ్రీ అయిపోయింది. అంతకుముందు ఏడాది మా కాలేజీవాళ్లు మమ్మల్ని కొండ మీది యూనివర్సిటీకి తీసుకెళ్లి కెమిస్ట్రీ ల్యాబ్ చూపించారు. పొడుగాటి బల్ల, కిటికీ పక్కన వరసగా నిలబెట్టిన బ్యూరెట్ల గాజుగొట్టాలు, వాటి వెనక సముద్రం. ఒకమ్మాయి, నాకంటే రెండేళ్లు పెద్దదేమో, తెల్లకోటు వేసుకుని బ్యూరెట్టు వైపు కళ్లార్పకుండా చూస్తోంది. మేము నలభైమందిమి వెనక నిలబడి గుసగుసలాడుతున్నా తిరిగి చూడలేదు. నాకు ఆ బల్ల దగ్గర నిలబడాలనిపించింది. జీవితంలో దేన్నీ అంత గట్టిగా కోరుకోలేదు. ఇప్పటికీ అనుకుంటాను, ఆ కోరిక ముందు మిగతావన్నీ చిల్లర కోరికలే.

అయితే మా మావయ్య నాకోసం వేరే బల్ల చూసిపెట్టాడు. మావయ్య అంటే మా అమ్మ అన్న. పద్మనాభంలో వ్యవసాయం, వారానికి మూడు నాలుగు సార్లు కూరగాయలు టౌన్లో వేసి, మిగిలిన పుచ్చు వంకాయలు మాకు ప్రేమగా తెచ్చి ఇచ్చేవాడు. ఆయనకి తెలిసినవాళ్లెవరో తగరపువలసలో కాన్వెంటు పెట్టారు. జూన్ నుంచి మా మేనకోడలు టీచరుగా వస్తుందని మావయ్య వాళ్లకి మాటిచ్చేశాడు. తర్వాత మాకు చెప్పాడు. నేను ఏడవడం చూసి మా నాన్న ఒక ఒప్పందం చేశాడు. ఈ ఏడాది ఎంట్రన్సు రాయాలి. సీటొస్తే యూనివర్సిటీ, రాకపోతే మారుమాట్లాడకుండా కాన్వెంటు. ఒక్కసారే, ఒక్క ఏడాదే. అలా నా బతుకంతా ఆ ఒక్క పరీక్ష మీద వేలాడింది.

ఇక మొదలుపెట్టడమే తరువాయి. మొదలుపెట్టడానికి మా ఇంట్లో అందరూ నడుం కట్టారు, నేను తప్ప.

ముందు మావయ్య మూఢం ఉందన్నాడు. మూఢంలో పుస్తకం ముడితే ఆ పుస్తకం ఎప్పటికీ బుర్రకెక్కదట. మూఢం పోయేవరకు పుస్తకాలు బియ్యం డ్రమ్ము మీద గుడ్డకప్పుకుని కూర్చున్నాయి. అది పోయాక బల్ల ఎటు వెయ్యాలన్నది వచ్చింది. తూర్పు ముఖంగా కూర్చోవాలి. మా రెండు గదుల క్వార్టరులో తూర్పు ముఖంగా బల్ల పట్టే చోటు ఒక్కటే. అక్కడ కూర్చుంటే ముక్కు ముందు గోడ, వీపు వెనక వంటిల్లు, కుడిచేతికి బాత్రూము తలుపు. ఇంట్లోవాళ్లు ఏ పనికి వెళ్లాలన్నా నా కుర్చీ జరపాల్సిందే. సరస్వతీదేవి మాత్రం ఆ ఏర్పాటుతో సంతృప్తిపడి ఉంటుందని మావయ్య నమ్మకం.

పుస్తకం తెరవబోతుంటే మా నాన్న ఆపాడు.

"ఆగు పాపా. ఏటి, తెరిసీడవేనా?"

"మరేటి సెయ్యాలి నాన్నా?"

ఆయన బెల్లంముక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చి నెమ్మదిగా చెప్పాడు. "కొత్త బ్యాటరీ కట్టేం అనుకో. వెంటనే బొగ్గు పోసీసి మంటెట్టీసేం అనుకో. ఏటవుతాది? ఇటిక పగిలిపోతాది. పనికిరాదింక. అందికే సన్నసెగ ఎడతాం. ఇయ్యాల కాసింత, రేపు ఇంకాసింత, నెలలకి నెలలు. బుర్ర కూడా ఇటికే. ఒక్కసారి సదివీకూడదు."

"అయితే ఇప్పుడు?"

"ముందు ఈ వారం పుస్తకాల కాసి సూత్తా కూకో. తెరవకు."

నమ్మండి, నేను కూర్చున్నాను. ఒక వారంపాటు, అట్టలేసిన పుస్తకాల వైపు చూస్తూ, తూర్పు ముఖంగా, వెనకనుంచి పోపు ఘాటు తగులుతుంటే తుమ్ముకుంటూ కూర్చున్నాను. నాన్న గోడ మీద గ్రాఫు అంటించాడు. అడ్డంగా వారాలు, నిలువుగా రోజుకెన్ని పేజీలో. గీత నేలకి ఆనుకుని పాకి పాకి, పరీక్ష దగ్గరపడ్డాక గానీ లేవలేదు. రెండో వారం విషయసూచిక చదవడానికి అనుమతి వచ్చింది. మూడో వారం ముందుమాట. కోక్ ఓవెన్ సెక్షనులో నాన్న మాటకి మంచి విలువ ఉండేదని తర్వాత విన్నాను, ఇటుక విషయంలో ఆయన ఎప్పుడూ పొరబడలేదట. నా బుర్ర ఇటుక కాదని మాత్రం ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదెందుకంటే, ఆయన ఆ గ్రాఫుని స్కేలు పెట్టి, నాలుక బయటపెట్టి, చిన్నపిల్లాడిలా గీస్తుంటే చూశాను. కాదనలేకపోయాను.

ఇంతలో శ్రీను దిగాడు. సత్యవతిగారబ్బాయి. అదే ఎంట్రన్సు మూడుసార్లు రాసినవాడు. ఆ పరీక్ష గురించి అతనికి తెలియనిది లేదు, అందులో సీటు తెచ్చుకోవడం ఒక్కటి తప్ప. సీటొచ్చినవాళ్లు చదువుకోవడానికి వెళ్లిపోతారు కాబట్టి, సలహాలివ్వడానికి లైన్లో మిగిలినవాడు శ్రీను ఒక్కడే. రోజూ మధ్యాహ్నం వచ్చి నా బల్ల మీద కూర్చునేవాడు. కుర్చీలో నేను, బల్ల మీద అతను, అతని కింద నా ఆర్గానిక్ కెమిస్ట్రీ.

"సిలబస్ సదవకు," అనేవాడు. "పేపరు సెట్ సేసినోడి మనసు సదువు. ఆడు ఎక్కడ దెబ్బ కొడతాడో నాకు తెలుసు."

"నీకెలా తెల్సు?"

"మూడుసార్లు కొట్టాడు కదా!" అనేవాడు గర్వంగా.

ఆ రోజు నాన్నది పొద్దుటి ఏ షిఫ్టు. గ్రాఫు ప్రకారం మొదటి పాఠం తెరవాల్సిన రోజు కూడా అదే. అప్పటికి పరీక్షకి రెండు నెలలే ఉన్నాయి. శ్రీను బల్ల ఎక్కాడు. మావయ్య వంకాయల సంచితో వచ్చి, తగరపువలస కాన్వెంటులో నాకు ఇవ్వబోయే గదికి గాలీ వెలుతురూ ఎలా వస్తాయో మా అమ్మకి వర్ణిస్తున్నాడు. కుక్కర్ కేకలేస్తోంది. చెల్లి రేడియోలో ఎవరో ఎరువుల గురించి చెబుతున్నారు. మా అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఒక్కో కాయకి ఒకసారి, "ఒలే, సదవతన్నావా?" అని అడుగుతోంది. నేను ఒకే వాక్యాన్ని పదోసారి చదువుతున్నాను. అది బెంజీను గురించిన వాక్యం. ఇప్పటికీ క్లాసులో ఆ వాక్యం దగ్గరకొస్తే నాకు కుక్కర్ వినిపిస్తుంది.

పుస్తకం బల్ల మీద దబ్బున కొట్టాను. శ్రీను కిందకి దూకాడు.

"నానెప్పుడు సదవాలమ్మా?" అని అరిచాను. "అందరూ నా సదువు గురించి మాటాడీవోలే గానీ నన్ను సదవనిచ్చీవోలెవులు? ఒక్క గంట, ఒక్క గంట నోరు ముయ్యలేరా? ముయ్యలేకపోతే సెప్పండి, ఇప్పుడే తగరపువలస ఎల్లిపోతాను. మావయ్య మాట నిలబడతాది, మీకందరికీ సుఖం!"

"పెద్దోల్లంటే బయం లేదు, బక్తి లేదు" అంది అమ్మ. మావయ్య సంచి దులిపి భుజాన వేసుకున్నాడు. "సూసేవా బావా, ఇందికే ఆడగుంటకి ఎంట్రన్సులొద్దన్నాను" అన్నాడు గుమ్మం వైపు తిరిగి. అప్పుడు చూశాను, నాన్న గుమ్మంలో క్యారియరు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో తెలియదు. నన్ను తిడతాడనుకున్నాను. గోడ మీద గ్రాఫు వైపు ఒకసారి చూశాడు. బెల్లం అడగలేదు. "అన్నం ఎట్టు" అన్నాడు అమ్మతో, అంతే.

లెక్కప్రకారం తర్వాతి వారం బి షిఫ్టు. నాన్న సి షిఫ్టుకి వెళ్లాడు.

"ఇదేటండీ, సి షిఫ్టు మొన్ననే కదా అయిపోనాది?" అంది అమ్మ.

"అప్పారావుకి ఒంట్లో బాగోలేదు. ఆడి బదులు నానెల్తన్నాను."

ఆ పై వారం అప్పారావు అత్తగారు పోయింది. ఆ పై వారం అప్పారావుకి పళ్లనొప్పి. అప్పారావు ఇంటికి కష్టం మీద కష్టం వచ్చిపడుతుంటే మా అమ్మ జాలిపడి అరటికాయ బజ్జీలు కట్టి పంపించింది. మా గేటు మీద ఎర్ర గళ్ల తువ్వాలు దిగలేదు. మావయ్య వచ్చి, తువ్వాలు చూసి, వంకాయలు అరుగు మీద పెట్టి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయేవాడు. శ్రీను గేటు దాకా వచ్చి, పేపరు సెట్టరు మనసు తనలోనే దాచుకుని వెనక్కి తిరిగేవాడు. కుక్కర్ అటకెక్కింది. రేడియో చీరల కింద పడుకుంది. అమ్మకి ఏమైనా అడగాలనిపిస్తే కళ్లతో అడిగేది. కళ్లకి నేను జవాబు చెప్పక్కర్లేదు. లోపల గదిలో నాన్న గురక, ఈ గదిలో నేను. అంత నిశ్శబ్దం అంతకుముందు మా ఇంట్లో ఒక్క వారం ఉండి పోయేది, ఇప్పుడు పోలేదు. నేను చదివాను. గ్రాఫునీ, సన్నసెగనీ పక్కనపెట్టి, బొగ్గంతా ఒక్కసారే పోసి మంట పెట్టినట్టు చదివాను. ఇటుకకి ఏమీ కాలేదు.

ఒకరోజు జంక్షన్లో కూరగాయల దగ్గర మా అమ్మకి అప్పారావు ఎదురయ్యాడు. నిగనిగలాడుతున్నాడు. "అక్కా, మీ ఆయన దేవుడు. నా సి షిఫ్టులన్నీ లాగీసుకుంటన్నాడు. పెల్లయినకాడ్నించి ఇంత సుకంగా ఎప్పుడూ తొంగోలేదు" అన్నాడట. మా అమ్మ బజ్జీల సంగతి తల్చుకుని మండిపడుతూ ఇంటికొచ్చింది. అయితే తిట్టడానికి వీల్లేదు, గేటు మీద తువ్వాలుంది. సాయంత్రం ఆయన లేచాక రాత్రిళ్లు పేకాట నేర్చారా అని నిలదీసింది. ఆయన అంబలి తాగుతూ, "రాత్రిపూట సల్లగా ఉంటాది, పని తెలీదు" అన్నాడు. ఏ కాలంలోనూ చల్లగా ఉండని చోటు భూమ్మీద ఒకటుంటే అది కోక్ ఓవెన్.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. బెంజీను అర్థమైంది గానీ ఇది కాలేదు.

మే నెల. మధ్యాహ్నం దాహమేసి, మంచినీళ్ల కుండ ఉన్న లోపల గదిలోకి వెళ్లాను. అడుగు పెట్టాక తట్టింది, గురక వినబడటం లేదు. ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు. నాన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్ల మీద పంచె కొంగు. ఫ్యాను కిరకిరలాడుతుందని అదీ ఆపేశాడు. ఒళ్లంతా చెమట. ముక్కు మీద ఈగ వాలింది. ముక్కు అదిరింది, చెయ్యి మాత్రం లేవలేదు. కాలి బొటనవేలు మెల్లగా ఆడుతోంది. మా నాన్న ఏదో ఆలోచించేటప్పుడు అలాగే ఆడిస్తాడు.

నిద్ర అయిపోయాక కూడా ఆ మనిషి లేవటం లేదు. లేస్తే తువ్వాలు తియ్యాలి. తువ్వాలు తీస్తే ఇల్లు నోరు తెరుస్తుంది. రాత్రంతా నిప్పు ముందు నిలబడొచ్చి, పగలంతా ఉక్కలో శవంలా పడుకుని, నాకు ఇంకో మూడు గంటలు కొనిపెడుతున్నాడు. గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. ఏడిస్తే చప్పుడవుతుందని ఏడవలేదు. నీళ్లు కూడా తాగకుండా వచ్చి కూర్చుని, విడిచిపెట్టిన వాక్యం దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టాను. నా ఎంట్రన్సు ప్రిపరేషన్ నిజంగా మొదలైంది ఆ మధ్యాహ్నమే అని నా లెక్క.

సీటొచ్చింది. జాబితాలో చివర్నుంచి వెతికితే త్వరగా దొరికే పేరు నాది, అయినా వచ్చింది. ఆ బల్ల దగ్గర రెండేళ్లు నిలబడ్డాను. తగరపువలస కాన్వెంటు ఉద్యోగం తర్వాత మా చెల్లికి వెళ్లింది. అక్కడే పెళ్లి చేసుకుంది, ఇప్పుడక్కడే హెడ్మిస్ట్రెస్. మావయ్య మాట ఎక్కడికీ పోలేదు.

సీటు రాగానే గొప్పంతా పంచుకున్నారు. మూఢం దాటించాను కాబట్టేనన్నాడు మావయ్య. పేపరు సెట్టరు గుట్టు విప్పాను కాబట్టేనన్నాడు శ్రీను, ఆ మాట మీదే చాలాకాలం ట్యూషన్లు చెప్పుకున్నాడు. కుక్కర్ మానేసి చేతులు కాల్చుకున్నది తానేనంది అమ్మ, అది కొంత నిజం. మా నాన్న బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని, "సూసేవా పాపా, సన్నసెగ ఎట్టేం కాబట్టి ఇటిక పగల్లేదు" అన్నాడు. రిటైరయ్యాక కూడా ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ గ్రాఫు కథ చెప్పాడు, పోయే ముందు ఆసుపత్రిలో నర్సులకి కూడా. సి షిఫ్టుల మాట ఒక్కసారీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే అప్పారావు పళ్లనొప్పి మాట చెప్పేవాడు.

ఇప్పుడు నిశ్శబ్దం దుకాణాల్లో దొరుకుతోంది. మా వీధి చివర రీడింగు రూము పెట్టారు. ఏసీ, చిన్న చిన్న గళ్లు, గంటకింతని తీసుకుంటారు. పిల్లలు లోపల సెల్లు చూసుకుంటూ ప్రశాంతంగా కూర్చుంటారు. హారికకి బయటి చప్పుడు వినబడకుండా చేసే హెడ్‌ఫోన్లున్నాయి. అవి పెట్టుకుని వాళ్లమ్మతో ఫోను మాట్లాడుతుంది. పొద్దున్న చెల్లి, మధ్యాహ్నం చెల్లి భర్త, సాయంత్రం మావయ్య చేస్తారు. ఎనభై దాటిన మావయ్యకి మనవడు వీడియో కాల్ నేర్పాడు. తెరనిండా ఆయన చెవి ఒక్కటే కనబడుతుంది, అందులోంచి, "మూడం సూసుకున్నారేటమ్మా?" అని వినబడుతుంది.

వీళ్లందర్నీ చూసి నేను రోజూ నవ్వుకునేదాన్ని. మొన్నొక పొద్దున్న, ఇడ్లీ తింటుండగా హారికకి బ్యూరెట్టు ఎలా చదవాలో, నా కాలంలో మేమెలా చదివామో, ఆరు రంగులు ఎందుకు దండగో చెబుతున్నాను. ఇడ్లీలు చల్లారిపోయాయి. పిల్ల తలెత్తలేదు. చూస్తే ప్లేటులోకి కన్నీళ్లు రాలుతున్నాయి.

"బయమేత్తంది పెద్దమ్మా," అంది. "సీటు రాకపోతే అమ్మ స్కూల్లో చేరిపోమంటంది. ఖాళీ ఉంచీసింది నాకోసం. తెరుద్దామనుకుంటాను, ఎవులో ఒకలు ఫోన్ సేత్తారు. ఫోన్ అయిపోతే నువ్వు మొదలెడతావు."

శ్రీను దిగిపోయిన బల్ల మీద ఇన్నాళ్లుగా కూర్చున్నది నేనేనని అప్పుడు తెలిసింది.

లేచాను. దాని సెల్లూ, నా సెల్లూ తీసుకుని రెండూ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. బాత్రూములోకి వెళ్లి ఒక తువ్వాలు తడిపి, ఫ్లాటు తలుపు తీసి బయట గడియకి వేలాడదీశాను. మా అపార్టుమెంటులో దాని అర్థం ఒక్కరికీ తెలియదు, పనిమనిషి బట్ట జారిందనుకుని లోపల పడేస్తుంది, అయినా వేశాను. హాల్లో దివాను మీద వెల్లకిలా పడుకుని చీరకొంగు కళ్ల మీదకి లాక్కున్నాను.

"పెద్దమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" అని వచ్చింది హారిక.

"సి షిఫ్టు సేసొచ్చాను. తొంగున్నాను. మాటాడకు" అన్నాను.

 తర్వాత అడుగులు లోపలికి వెళ్లాయి. కుర్చీ జరిగింది. కాసేపటికి పేజీ తిరిగిన చప్పుడు. నిద్ర రాకుండా కళ్లు మూసుకుని కదలకుండా పడుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. ముక్కు దురద పెట్టింది, నడుం పట్టేసింది. దాని గదిలోకి వెళ్లి ఏ పాఠం తెరిచిందో చూసి, అది కాదే, ముందు ఇది చదువు అని చెప్పాలని నాలుక పీకేసింది. నేను పట్టుమని పావుగంట కూడా పడుకోలేదు. ఆ మనిషి వేసవంతా పడుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. అంత జాగ్రత్తపరుడూ ఒక్క పొరపాటు చేశాడు. నిద్రపోతున్నట్టు నటించేటప్పుడు గురక పెట్టడం మర్చిపోయాడు. అందుకే నాకు దొరికిపోయాడు.

నేను మర్చిపోలేదు. గొంతు సవరించుకుని, లోపల గదిలోకి వినబడేలా గట్టిగా గురక పెట్టడం మొదలుపెట్టాను.